‘ఏదైనా కావాలంటే అడగండి’ అంటే చాలదు
(కొత్త ఉపాధ్యాయులకు బడి ఇవ్వాల్సిన తోడ్పాటు గురించి ప్రధానోపాధ్యాయులు, సీనియర్ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రధానోపాధ్యాయులకూ, సీనియర్ టీచర్లకూ నమస్కారం.

కొత్త టీచర్ బడిలో చేరిన రోజున మనందరం ఒక మాట అంటాం: "ఏదైనా కావాలంటే మొహమాటం లేకుండా అడగండి." మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాటతో జరిగే పని చాలా తక్కువ. దానికి కారణాలు రెండు. కొత్తగా వచ్చినవారికి తమకు తెలియనిదేమిటో తెలియదు. పరీక్షకు రాని పిల్లల మార్కుల గడి ఖాళీగా వదలాలా, సున్నా వేయాలా, గైర్హాజరు అని రాయాలా అన్న సందేహం మార్కుల రిజిస్టర్ చేతికొచ్చేదాకా పుట్టదు. చేతికొచ్చాక అడిగే తీరిక ఉండదు. రెండో కారణం, అడిగితే చేతకానివారనుకుంటారేమోనన్న భయం. నకలు తీసే యంత్రం ఎక్కడుందని ఎవరైనా అడుగుతారు. "నా క్లాసులో పిల్లలు నా మాట వినడం లేదు" అని మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కొత్త టీచర్ విషయంలో బడి ఈ సామెతకు ఎదురు నడవాలి. ఫలానా రోజు, ఫలానా పీరియడ్, ఫలానా మనిషి అని సాయం టైమ్ టేబుల్‌లో రాసి ఉండాలి. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

అసలు పని కొత్తవారు గుమ్మంలో అడుగు పెట్టకముందే, క్లాసులు పంచేటప్పుడే మొదలవుతుంది. చాలా బడుల్లో సీనియర్లు కావాల్సినవి తీసుకున్నాక మిగిలినవి కొత్తవారికి వస్తాయి. మిగిలేవి ఏవో మీకు తెలుసు: అందరూ వద్దనుకున్న సెక్షన్, రెండు మూడు తరగతుల నుంచి తుంచి తెచ్చిన పీరియడ్లు, రోజు చివరి పీరియడ్లు. అనుభవం ఉన్నవారికే కష్టమైన పనిని అనుభవం లేనివారికి ఇచ్చి, ఆర్నెల్ల తర్వాత "ఆయనకు క్లాస్ కంట్రోల్ లేదు" అంటాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఇద్దరు కొత్త టీచర్లకు వారానికి 24 పీరియడ్ల చొప్పున ఇచ్చారు. ఒకరికి ఒకే తరగతి మూడు సెక్షన్లు, సెక్షన్‌కు 8 పీరియడ్లు. ఇంకొకరికి నాలుగు వేర్వేరు తరగతులు, తరగతికి 6 పీరియడ్లు. రిజిస్టర్‌లో ఇద్దరి భారమూ సమానం. కానీ మొదటివారు వారానికి 8 పాఠాలు తయారు చేసుకోవాలి, రెండోవారు 24. ఒక్కో పాఠానికి ముప్పావు గంట చొప్పున లెక్క వేసినా మొదటివారికి 6 గంటలు, రెండోవారికి 18 గంటలు. ఆ 12 గంటలూ నిద్రలోంచి, ఆదివారంలోంచి రావాల్సిందే. కాబట్టి పీరియడ్లు లెక్కపెట్టేముందు తయారీలు లెక్కపెట్టండి. మొదటి ఏడాదికి రెండు రకాల తయారీలు చాలు, మూడు దాటితే ఎక్కువే.

ఒకే పాఠాన్ని మూడు సెక్షన్లలో చెప్పడంలో ఇంకో లాభం ఉంది. మొదటి సెక్షన్‌లో ఉదాహరణ తిరగబడుతుంది. రెండో సెక్షన్‌లో దాన్ని మారుస్తారు. మూడో సెక్షన్‌కు పాఠం కుదురుతుంది. ఒక్క వారంలో దొరికే ఇంతటి అభ్యాసాన్ని ఏ శిక్షణ తరగతీ ఇవ్వలేదు. వీలైతే మొదటి సెక్షన్‌కూ రెండో సెక్షన్‌కూ మధ్య ఒక పీరియడ్ ఖాళీ పెట్టండి. వెంటవెంటనే పడితే తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అదే తప్పు రెండుసార్లు జరుగుతుంది.

ఇక పని తగ్గింపు. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి కొత్త టీచర్ల ప్రవేశకాలాన్ని, అంటే ఉద్యోగంలో కుదురుకునే తొలి దశను, రెండేళ్లు చేశారు. మొదటి ఏడాది టైమ్ టేబుల్‌లో పది శాతం, రెండో ఏడాది ఐదు శాతం బోధన తగ్గించాలన్నది అక్కడి నిబంధన. జపాన్‌లో 1989 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చిన పద్ధతిలో కొత్త టీచర్‌కు మొదటి ఏడాదంతా తప్పనిసరి శిక్షణ ఉంటుంది. అందులో కొంత సొంత బడిలోనే మార్గదర్శక ఉపాధ్యాయుల దగ్గర, కొంత బయటి శిక్షణ కేంద్రాల్లో. రెండు దేశాల పద్ధతులు వేరైనా ఒక విషయంలో కలుస్తాయి: కొత్తవారు నేర్చుకునే సమయాన్ని బడి పనిలో భాగంగా లెక్కగట్టారు.

అలాంటి నిబంధనలేవీ లేని చోట కూడా హెడ్మాస్టర్ చేతిలో కొంత వెసులుబాటు ఉంటుంది. వారానికి 30 పీరియడ్లు నిండు భారమైతే పది శాతమంటే 3 పీరియడ్లు. ఒకటి మెంటర్‌తో, అంటే కొత్తవారికి తోడుగా పెట్టిన సీనియర్ టీచర్‌తో, కూర్చోవడానికి, ఒకటి ఇంకొకరి క్లాసు చూడటానికి, ఒకటి తయారీకి. ఈ మూడింటినీ టైమ్ టేబుల్‌లో ఖాళీ గడులుగా వదలకండి. ఖాళీ గడి కనిపిస్తే సెలవు పెట్టినవారి క్లాసు అందులో వచ్చి పడుతుంది. సబ్‌స్టిట్యూషన్ వేసేవారి కన్ను మొదట పడేది కొత్తవారి లీజర్ మీదే, ఎందుకంటే వారు కాదనరు. ఆ గడిలో 'మెంటర్ సమావేశం' అనో 'క్లాసు పరిశీలన' అనో పేరు రాయండి. మొదటి మూడు నెలలు సబ్‌స్టిట్యూషన్ జాబితాలో వారి పేరు చివర ఉంచండి. వార్షికోత్సవం, క్విజ్, ఆటల పోటీలు 'కుర్రాళ్లు, ఉత్సాహంగా చేస్తారు' అని కొత్తవారి నెత్తిన పెట్టడం కూడా మొదటి టర్మ్ అయ్యేదాకా ఆగాలి.

చేరిన రోజున ఏం చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. మూడు గంటలు కూర్చోబెట్టి నిబంధనలన్నీ ఏకరువు పెడితే మర్నాటికి పది శాతం కూడా గుర్తుండదు. ఏ సమాచారమైనా దాని అవసరం పడే ముందు రోజుల్లో అందాలి. మొదటి గంట కొట్టేలోపు తెలియాల్సినవి కొన్నే: గంటల వేళలు, హాజరు తీసుకునే పద్ధతి, పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి, అగ్నిప్రమాదం లాంటిది జరిగితే పిల్లల్ని ఏ దారిన ఎక్కడికి తీసుకెళ్లాలి, తన క్లాసులో ఉబ్బసం, మూర్ఛ, వినికిడి లోపం వంటివి ఉన్న పిల్లలు ఎవరు, పిల్లలు బయటికెళ్లడానికి అడిగితే ఈ బడిలో రివాజు ఏమిటి, పక్క గదిలో ఉండే టీచర్ ఎవరు. మొదటి వారంలో: సిలబస్ నెలల వారీగా ఎలా విభజించుకున్నారు, సెలవు పెట్టాలంటే ఎవరికి ఎప్పటిలోగా చెప్పాలి, హోమ్‌వర్క్ ఎంత ఇస్తారు. మార్కులు ఎక్కించడం, ఇన్విజిలేషన్ పద్ధతులు మొదటి పరీక్షకు వారం ముందు. తల్లిదండ్రుల సమావేశం సంగతి దానికి పది రోజుల ముందు.

చేతికిచ్చే ఫైలులో ఒకటి తప్పకుండా పెట్టమని కోరుతాను: నిరుటి పిల్లల జవాబు పత్రాల నకళ్లు మూడు, పేర్లు కొట్టేసి. ఒకటి బాగా రాసినది, ఒకటి మధ్యస్థం, ఒకటి వెనకబడినది. ఈ బడిలో ఈ తరగతి పిల్లలు ఏ స్థాయిలో రాస్తారు, మనం దాన్ని ఎలా దిద్దుతాం అన్నది ఆ మూడు కాగితాలు చూస్తే తెలిసినంతగా ఎంత వివరించినా తెలియదు. కొత్తవారు సాధారణంగా తాము చదువుకున్న స్థాయిని మనసులో పెట్టుకుని వస్తారు. మొదటి టెస్టులో క్లాసు సగం తప్పితే తమ బోధనే తప్పనుకుని కుంగిపోతారు.

ఇప్పుడు మెంటర్. బడిలో అందరికంటే బాగా పాఠం చెప్పేవారే మంచి మెంటర్ అనుకుంటాం. అన్నిసార్లూ అలా జరగదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలు సర్దుకుంటారు. అదెలా జరిగిందో వారే చెప్పలేరు, ఎందుకంటే వారి చేతికి అది అలవాటుగా వచ్చేసింది. చేసే పనిని విడదీసి చెప్పగలిగినవారు, తన క్లాసు తలుపు తెరిచి ఉంచేవారు, ఇతరుల క్లాసు సంగతులు స్టాఫ్ రూమ్‌లో మాట్లాడనివారు కావాలి. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యం. ఒక్కసారి మాట బయటికి పొక్కిందంటే కొత్తవారు మళ్లీ ఏ కష్టమూ చెప్పుకోరు.

అదే సబ్జెక్టు చెప్పేవారైతే ఇంకా మేలు. అమెరికాలో థామస్ స్మిత్, రిచర్డ్ ఇంగర్సాల్ 2004లో ప్రచురించిన విశ్లేషణలో, తన సబ్జెక్టుకే చెందిన మెంటర్ ఉండటం, ఆ సబ్జెక్టు టీచర్లతో కలిసి పాఠాలు తయారు చేసుకునే సమయం దొరకడం అన్న రెండూ కొత్త టీచర్లు ఉద్యోగంలో నిలవడంతో గట్టి సంబంధం ఉన్నవిగా తేలాయి. గణితం చెప్పే కొత్త టీచర్‌కు భాషా టీచర్‌ను మెంటర్‌గా వేస్తే పలకరింపులు జరుగుతాయి కానీ, భిన్నాల కూడికలో పిల్లలు లవాలను లవాలతో, హారాలను హారాలతో ఎందుకు కలిపేస్తారన్న చర్చ జరగదు. చిన్న బడిలో ఆ సబ్జెక్టుకు ఇంకొకరు లేకపోతే, దగ్గరి బడి నుంచి సబ్జెక్టు సాయానికి ఒకరిని, బడి సంగతులకు ఇక్కడే ఒకరిని పెట్టండి.

మార్కులు వేసే మనిషీ, చేయి పట్టుకునే మనిషీ ఒకరే కాకూడదు. పని మదింపు రాసే హెడ్మాస్టర్ తానే మెంటర్‌గా ఉంటే, కొత్తవారు ఆయన వచ్చిన రోజున బాగా వచ్చిన పాఠమే చెబుతారు, బాగా జవాబులిచ్చే పిల్లల్నే అడుగుతారు. సాయం కావాల్సిన చోటు కనబడకుండా పోతుంది. ఇంగ్లండ్ పద్ధతిలోనూ మెంటర్‌ను, మదింపు చేసేవారిని వేర్వేరుగా ఉంచాలనే చెబుతారు. మెంటర్, హెడ్మాస్టర్ ఇద్దరి మధ్య ఏయే విషయాలు మాట్లాడుకోవచ్చో మొదటి రోజే ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. పిల్లల భద్రతకు సంబంధించినది ఏదైనా హెడ్మాస్టర్‌కు చెప్పి తీరాలి. మిగతాది మెంటర్ దగ్గరే ఉండాలి.

కొత్తవారిని మొదటి నెలల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేదేమిటి? సైమన్ వీన్‌మన్ అనే పరిశోధకుడు 1984లో అప్పటిదాకా వచ్చిన 83 అధ్యయనాలను కలిపి చూశారు. వేర్వేరు దేశాల కొత్త టీచర్లు చెప్పిన సమస్యల్లో క్లాసు క్రమశిక్షణ మొదటి స్థానంలో నిలిచింది. ఇన్నేళ్లయినా ఏ స్టాఫ్ రూమ్‌లో అడిగినా ఇదే జవాబు వస్తుందని మీరూ ఒప్పుకుంటారు. దానికి మనం ఇచ్చే సలహా ఏమిటి? "మొదటి నెల నవ్వకండి." "గట్టిగా ఉండండి." పక్కవారు "పిల్లలతో స్నేహంగా ఉండండి" అంటారు. ఈ మూడింటిలో ఏదీ రేపు ఉదయం మొదటి పీరియడ్‌లో ఏం చేయాలో చెప్పదు.

గొడవ మొదలయ్యే చోట్లు చూడండి. పాఠం మధ్యలో అంతగా మొదలవదు. ఒక పని అయి ఇంకో పని మొదలయ్యే సందులో మొదలవుతుంది: పిల్లలు లోపలికి వచ్చేటప్పుడు, పుస్తకాలు పంచేటప్పుడు, గుంపులుగా కూర్చోబెట్టేటప్పుడు, గంట కొట్టే ముందు. అందుకని మెంటర్ మొదటి వారంలో నాలుగు అలవాట్ల మీదే పని చేయాలి. లోపలికి వచ్చి కూర్చుని ఏం చేయాలి. మాట్లాడాలంటే ఏం చేయాలి. పుస్తకాలు ఎటు నుంచి ఎటు అందాలి. గంట కొట్టాక ఎలా లేవాలి. వీటిని పిల్లలకు చెబితే సరిపోదు, పాఠం నేర్పినట్టే నేర్పి, చేయించి, సరిగా రాకపోతే కోపం లేకుండా మళ్లీ చేయించాలి. మొదటి వారంలో రోజుకు ఐదు నిమిషాలు దీనికి పోయినా నష్టం లేదు. పెద్ద సెలవుల తర్వాత ఇంకోసారి చేయించాలి.

ఆదేశం ఇవ్వడం కూడా నేర్పాల్సిన పనే. కొత్తవారు నడుస్తూ, బోర్డు తుడుస్తూ, పిల్లలు మాట్లాడుతుండగానే ఆ గోలపైన తమ గొంతు పెంచి చెబుతారు. పిల్లలు తమ గొంతు ఇంకాస్త పెంచుతారు. చేయాల్సింది ఇది: ఒక చోట నిలబడాలి. చేయెత్తడమో, బల్ల మీద తట్టడమో, ఏదో ఒకే గుర్తు వాడాలి. నిశ్శబ్దం వచ్చేదాకా ఆగాలి. అప్పుడు ఒకే ఒక్క ఆదేశం, చేయాల్సిన పని రూపంలో: "పుస్తకం తీసి తేదీ వేయండి." ఆపైన పది సెకన్లు ఏమీ చెప్పకుండా క్లాసంతా కళ్లతో చూడాలి. కొత్తవారు పొరపాటు చేసేది ఈ పది సెకన్లలోనే. పిల్లలు కదిలేలోపే రెండో ఆదేశం, మూడో ఆదేశం ఇచ్చేస్తారు. దీన్ని ఖాళీ క్లాసురూములో మెంటర్ ముందు పది నిమిషాలు నిలబడి సాధన చేయాలి. మొదట ఇబ్బందిగా అనిపిస్తుంది. పిల్లల ముందు తడబడటం కంటే ఇది నయం.

అమలు చేయలేని బెదిరింపు వద్దని, ఒకరి తప్పుకు క్లాసంతటికీ శిక్ష వద్దని స్పష్టంగా చెప్పండి. మొదటిదాంతో మాట విలువ పోతుంది. రెండోదాంతో అప్పటిదాకా టీచర్ వైపు ఉన్న పిల్లలు కూడా అటు వెళ్లిపోతారు. పిల్లల పేర్లు వారంలోగా రావాలి. కూర్చునే చోట్ల పటం గీసుకుని, మొదటి వారం ఎవరి చోటు వారిదేనంటే పేర్లు త్వరగా పట్టుబడతాయి. "ఏయ్, మూడో బెంచీ" అన్న పిలుపుకూ పేరుతో పిలిచిన పిలుపుకూ క్లాసులో ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

గొంతు గురించి ఒక మాట. రోజుకు ఐదారు పీరియడ్లు గోల మీద అరిస్తే మొదటి నెల తిరక్కుండానే గొంతు బొంగురుపోతుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, ఎందుకంటే మాట గోడకు తగిలి వెనక బెంచీకి అందదు, దాంతో ఇంకా గట్టిగా అరవాలి. రాయడం అయ్యాక తిరిగి చూసి చెప్పాలి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలి. బొంగురు రెండు మూడు వారాలు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమనాలి.

ఇప్పుడు క్లాసు పరిశీలన. మనం అత్యంత ఘోరంగా చేసే పని ఇదే. టర్మ్‌కు ఒకసారి, చెప్పకుండా, పీరియడ్ మొత్తం కూర్చుని, పన్నెండు లోపాలు రాసి, కారిడార్‌లో నిలబడి అప్పగిస్తాం. పన్నెండు లోపాలు విన్న మనిషి ఒక్కటీ సరిచేసుకోలేరు. ఏది ముందో తెలియదు, తెలిసినా చేసే ధైర్యం మిగలదు.

వారానికి ఒకసారి, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. ముందు రోజే ఏ విషయం చూడాలో ఇద్దరూ అనుకోవాలి, ఒక్కటే విషయం. ఉదాహరణకు: "నేను ఎవరెవర్ని ప్రశ్నలడుగుతున్నాను?" మెంటర్ వెనక కూర్చుని బెంచీల పటం గీసుకుని, ప్రశ్న పడిన చోటల్లా ఒక గీత గీస్తారు. ఇంతే పని. పీరియడ్ అయ్యాక ఆ కాగితం ముందు పెడితే, గీతలన్నీ మొదటి రెండు వరసల్లో ఉన్న సంగతి కొత్తవారు తామే చూసుకుంటారు. మెంటర్ తీర్పు చెప్పాల్సిన అవసరమే రాదు. కాగితం మీద తీర్పులు రాయకుండా జరిగింది జరిగినట్టు రాయాలి. 'పిల్లల భాగస్వామ్యం తక్కువ' అన్నది తీర్పు. '14 ప్రశ్నలు, అందులో 11 ఒకే నలుగురికి' అన్నది జరిగిన విషయం.

ఇంకో మంచి విషయం, ప్రశ్న వేశాక ఆగే సమయం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని గమనించారు. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు లేని సందర్భాలు తగ్గాయి. కొత్తవారికి నిశ్శబ్దమంటే భయం కాబట్టి జవాబు తామే చెప్పేస్తారు. మెంటర్ గడియారం చూసి ప్రతి ప్రశ్న తర్వాత ఎన్ని సెకన్లు ఆగారో రాసిస్తే చాలు. వచ్చే వారం ఆ అంకెలు మారతాయి.

పరిశీలన అయ్యాక మాటలు అదే రోజు, లేదంటే మర్నాడు, తలుపు వేసి ఉన్న గదిలో, పదిహేను నిమిషాలు. ముందు కొత్తవారిని చెప్పనివ్వాలి. తర్వాత కాగితం చూపించాలి. ఒక్క మార్పు ఎంచుకుని, దాన్ని అక్కడికక్కడే ఒకసారి నోటితో అని చూడమనాలి: "వెనక వరసను అడగాలంటే ప్రశ్న ఎలా మొదలుపెడతారు, అనండి." వచ్చే వారం వెళ్లి ఆ ఒక్క మార్పే చూడాలి.

క్లాసు అల్లరిగా ఉన్నప్పుడు వెనక కూర్చున్న సీనియర్‌కు చేతులు దురద పెడతాయి. లేచి ఒక్క కేక వేస్తే అంతా సద్దుమణుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ కేకతో పిల్లలు నేర్చుకునేది ఒకటే, ఈ టీచర్ మాట వినక్కర్లేదు, అసలు టీచర్ వెనకున్నారని. మర్నాటి నుంచి కొత్తవారి పని ముందుకంటే కష్టమవుతుంది. పిల్లలకు దెబ్బ తగిలే ప్రమాదముంటే తప్ప కదలకూడదు. హెడ్మాస్టర్ కారిడార్‌లో వెళ్తూ కిటికీలోంచి గద్దించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

కొత్తవారు ఇతరుల క్లాసులు చూడటానికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో చెప్పిన విషయం ఒకటుంది: ప్రతి టీచరూ పిల్లలుగా ఉన్నప్పుడే వేల గంటలు బోధన చూసి ఉంటారు, కానీ బల్లకు ఇవతలి నుంచి చూస్తారు. చేసిన పని కనిపిస్తుంది, అలా చేయాలని ఎందుకు నిర్ణయించుకున్నారన్నది కనిపించదు. కొత్త టీచర్‌ను ఊరికే "వెళ్లి చూడండి" అని పంపితే మళ్లీ అదే జరుగుతుంది. "మొదటి ఐదు నిమిషాలు మాత్రమే చూడండి, ఎన్ని ఆదేశాలు ఇచ్చారో రాయండి." "పుస్తకం తేని పిల్లవాణ్ని ఎలా సర్దారో చూడండి." అలా చెప్పి పంపి, తర్వాత ఆ సీనియర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడించండి. "అక్కడ మీరు వెంటనే ఎందుకు మందలించలేదు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబే అసలు పాఠం.

పాఠం తయారీలో కొత్తవారి పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: తాము ఏం చెప్పాలో రాసుకుంటారు, ఆ సమయంలో పిల్లలు ఏం చేస్తారో రాసుకోరు. 40 నిమిషాల పీరియడ్‌లో హాజరు, సర్దుకోవడం, చివర హోమ్‌వర్క్ చెప్పడం పోగా చేతిలో మిగిలేది 30 నిమిషాలు. కొత్తవారు 40కి సరిపడా, కొన్నిసార్లు 60కి సరిపడా తెస్తారు. గంట కొట్టేసరికి సగంలో ఉంటారు. పాఠం పథకంలో పిల్లల పని అని ఒక నిలువు గడి పెట్టించండి, పాఠం మధ్యలో అర్థమైందో లేదో తేల్చే ప్రశ్నలు మూడు ముందే రాయించండి. మనం నిరుడు వాడిన వర్క్‌షీట్లు, ప్రశ్నలు ఇచ్చేయండి. ప్రతి పాఠాన్నీ మొదటి నుంచి తామే కనిపెట్టాలనడం న్యాయం కాదు. వారానికి 24 పాఠాలకు పెద్ద నమూనాలో పథకాలు రాయించి ఎవరూ చదవకుండా సంతకం పెట్టేకంటే, వారానికి ఒక్క పాఠం వివరంగా రాయించి మెంటర్‌తో కూర్చుని చర్చించడం వెయ్యి రెట్లు మేలు.

దిద్దుబాటుకూ లెక్క చూపించాలి. మూడు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది, మొత్తం 120 పుస్తకాలు. పుస్తకానికి మూడు నిమిషాలైనా 6 గంటలు. ప్రతి వారం ప్రతి పుస్తకంలో ప్రతి పేజీ దిద్దాలని కొత్తవారు కూర్చుంటే మూడో వారానికి పుస్తకాల గుట్ట మిగులుతుంది, అపరాధ భావం మిగులుతుంది. ఒక్క ప్రశ్న ఎంచుకుని అందరి పుస్తకాల్లో అదొక్కటే చూడమనండి. సాధారణంగా వచ్చిన తప్పులు రెండు మూడు కాగితం మీద రాసుకుని మర్నాడు బోర్డు మీద మళ్లీ చెప్పమనండి. మొదటి టెస్టు పేపర్లు మాత్రం ఒక ఐదు మెంటర్‌తో కలిసి దిద్దాలి. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసి పోల్చుకుంటే, సగం మార్కు ఎక్కడివ్వాలో, ఎక్కడివ్వకూడదో తేలిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి.

తల్లిదండ్రుల సమావేశం ముందు ప్రతి పిల్లవాడికీ మూడు వాక్యాలు సిద్ధం చేయించండి: పుస్తకంలో చూపించగల ఒక మంచి విషయం, మెరుగుపడాల్సిన ఒక విషయం, దానికి వచ్చే నెలలో బడి ఏం చేస్తుంది. మొదటిసారి మెంటర్ పక్క బల్ల దగ్గర ఉండాలి. కోపంగా వచ్చిన తల్లితోనో తండ్రితోనో గుమ్మంలో వాదన పెట్టుకోకూడదు. విని, రాసుకుని, "రేపు ఫలానా వేళకు కూర్చుని మాట్లాడుకుందాం" అని చెప్పి, వెంటనే హెడ్మాస్టర్‌కు తెలియజేయాలి. ఈ సంభాషణను కూడా ముందే ఒకసారి అనుకుని చూసుకోవచ్చు.

రెండో నెల చివరి నుంచి నాలుగో నెల దాకా జాగ్రత్తగా ఉండండి. కొత్త టీచర్ల మొదటి ఏడాదిని గమనించిన ఎలెన్ మోయిర్ దాన్ని ఐదు దశలుగా చెప్పారు: ఆశతో ఎదురుచూడటం, ఎలాగో నెట్టుకురావడం, నిరాశ, తేరుకోవడం, వెనక్కి తిరిగి ఆలోచించుకోవడం. అందరికీ అదే వరసలో వస్తుందని కాదు కానీ, నిరాశ వచ్చే కాలం మాత్రం చాలామందిలో కనిపిస్తుంది. మొదటి ఉత్సాహం అయిపోయి ఉంటుంది, పరీక్షలు, దిద్దుబాటు, తల్లిదండ్రుల సమావేశం ఒకేసారి మీద పడతాయి. విరామంలో స్టాఫ్ రూమ్‌కు రావడం మానేస్తారు. ప్రతి వారం ఒకే రోజున సెలవు పెడుతుంటారు, చూస్తే ఆ రోజున ఒక ఫలానా సెక్షన్ ఉంటుంది. ప్రశ్నలడగడం ఆగిపోతుంది. ప్రశ్నలు ఆగిపోతే అంతా కుదురుకుందని మనం సంతోషిస్తాం. చాలాసార్లు అది వ్యతిరేక సూచన.

ఆ సమయంలో "ఎలా ఉంది?" అనడిగితే "బాగానే ఉందండీ" అనే జవాబే వస్తుంది. వేరేగా అడగండి. "ఈ వారం ఏ పీరియడ్ ఎక్కువ బరువనిపించింది?" "ఎవరి పేరు ఎక్కువసార్లు పిలవాల్సి వచ్చింది?" "నిన్న రాత్రి ఎన్నింటికి పని ముగిసింది?" మూడో ప్రశ్నకు జవాబు పదకొండు దాటితే సలహాలు ఆపి పని తగ్గించండి. రెండు వారాల పాటు ఒక సెక్షన్ దిద్దుబాటు ఇంకొకరు పంచుకోవచ్చు, ఒక డ్యూటీ తీసేయవచ్చు.

ఏడాది మధ్యలో చేరేవారి పరిస్థితి ఇంకా కష్టం. పిల్లలకు పాత టీచర్ అలవాట్లు ఉంటాయి, "ఆ మేడం ఇలా చేయనిచ్చేవారు" అంటారు. సిలబస్ రిజిస్టర్‌లో రాసిన చోటికీ పిల్లలకు నిజంగా వచ్చిన చోటికీ మధ్య దూరం ఉంటుంది. కాబట్టి వెళ్లిపోయేవారితో ఒక గంట కూర్చోబెట్టండి, మొదటి వారంలో కొత్త పాఠం మొదలుపెట్టకుండా పిల్లలకు ఏం వచ్చో చూసుకునే వీలివ్వండి. వేరే బడిలో పదేళ్లు చేసి మన దగ్గరికి వచ్చినవారికి బోధన నేర్పక్కర్లేదు, కానీ ఈ బడి రివాజులు వారికీ తెలియవు. "మీకు తెలియనిదేముంది" అని వదిలేస్తే, కొత్తవారు అడగడానికి భయపడతారు, వీరు అడగడానికి సిగ్గుపడతారు.

స్టాఫ్ రూమ్ గురించి సీనియర్లకు ఒక విన్నపం. "ఆ సెక్షన్ ఇచ్చారా? దేవుడే దిక్కు" అన్న మాట సరదాగానే అంటారు. విన్న మనిషి మర్నాడు ఆ గదిలోకి యుద్ధానికి వెళ్లినట్టు వెళ్తారు. పిల్లలు ఆ ముఖాన్ని రెండు నిమిషాల్లో చదివేస్తారు. ఆ సెక్షన్ గురించి ఉపయోగపడేది చెప్పండి: ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టొద్దు, లెక్కలు బోర్డు మీదకు పిలిచి చేయిస్తే బాగా చేస్తారు, చివరి పీరియడ్‌లో రాసే పని ఇవ్వండి. ఇలాంటి మూడు మాటలు చాలు.

మెంటర్ సమావేశాలు రెండో టర్మ్‌లో రెండు వారాలకొకసారి చేయొచ్చు, కానీ ఆపేయకండి. రెండో ఏడాదిలో తగ్గించి కొనసాగించండి. ఏడాది చివర, పరీక్షల హడావుడి పూర్తిగా ముంచెత్తకముందే కొత్త టీచర్‌తో ఒక గంట కూర్చుని రెండు ప్రశ్నలడగండి: మేం ఆలస్యంగా చెప్పినవి ఏవి, చెప్పనే చెప్పనివి ఏవి? వచ్చిన జవాబులను ఆ చేరిన రోజు ఫైలులో ఎక్కించండి. వచ్చే ఏడాది చేరేవారికి ఫైలు అందించే పనిని కూడా వీరికే ఇవ్వండి, ఎందుకంటే ఏది తెలియకుండా ఉంటుందో ఇంకా గుర్తున్నది వారికే. ఆ గంటలోనే వచ్చే ఏడాది క్లాసుల సంగతి తేల్చేయండి. మొదటి ఏడాది చెప్పిన తరగతినే రెండో ఏడాదీ ఇవ్వండి. తయారు చేసుకున్న పాఠాలు చేతిలో ఉంటాయి, మిగిలిన సమయం వాటిని బాగుచేసుకోవడానికి పోతుంది. కొత్త తరగతి ఏదైనా కలపాలంటే ఒక్కటి కలపండి.